టెన్నిసు క్రీడాకారులు: నాటివారును నేటివారును



గడచిన మాఘమాసమున ఒకనాటి ప్రాతఃకాలమందు నేను మైపాడు సముద్రపుటొడ్డున నడచుచుండగా, పడవ దిగి వల దులుపుకొనుచున్న యొకడు నన్ను చూచి చేతులు జోడించెను. ఒకప్పుడు నా తరగతిలో కూర్చుండినవాడే. ఇప్పుడు ఏబదియేండ్లు సమీపించుచున్నవి. క్షేమసమాచారములు ముగిసిన పిమ్మట వాడు నన్నిట్లడిగెను.

"అయ్యవారూ, మా పాపను నెల్లూరికి పంపించి టెన్నిసు నేర్పిస్తుండా. రేవులో పెద్దోళ్ళు నవ్వతుండారు. ఆటంటే ముందటోళ్ళదే, ఇప్పుడు ఆడేది మనిషి కాదు, బ్యాటు ఆడతా ఉంది అంటుండారు. నిజమేనా?"

నేనప్పటికప్పుడు సమాధానము చెప్పలేదు. చెప్పకుండుటకు నా కొక కారణము కలదు. దానిని తరువాత మనవి చేసెదను. నేటి ప్రసంగము ఆ ప్రశ్నకే సమాధానము.

సంస్కృతాంధ్రములు చదువుకొన్నవానికి టెన్నిసుతో నేమి పని యని మీలో కొందరు అనుకొనవచ్చును. 1973వ సంవత్సరమున నాకు పదుమూడేండ్లు. మా తండ్రిగారు సాయంకాలము రచ్చబండ కడ వార్తాపత్రికను బిగ్గరగా చదివి పదిమందికి వినిపించెడివారు. మదరాసు కుఱ్ఱవాడు విజయ్ అమృతరాజు, పందొమ్మిదేండ్లవాడు, అమెరికా దేశపు పోటీలో రాడ్ లేవరును అయిదు సెట్లలో ఓడించెనను వార్తను వారట్లే చదివిరి. లేవరు ఆస్ట్రేలియా దేశస్థుడు. ఆ యాటలోని నాలుగు మహాపోటీలను ఒకే సంవత్సరములో నెగ్గుట యను ఘనకార్యమును 1962లో నొకసారి, 1969లో మఱియొకసారి చేసినవాడు. అప్పటికాతనికి ముప్పదియైదేండ్లు. మా రచ్చబండవారు మదరాసు మన ప్రక్కయూరే గనుక సంతోషించిరి. ఒక పెద్ద మాత్రము, "ముసలివాని నోడించుట యేమి గొప్ప?" అనెను. ఆ మాట నా చెవిలో నిలిచిపోయినది. నాటినుండి ఈ యాటను గూర్చిన వార్త నేను విడిచినది లేదు.

ఆటను చూడనివారికొఱకు రెండు మాటలు. ఆడు నేల పొడవు డెబ్బదియెనిమిది అడుగులు, అనగా మన లెక్కకు ఏబదిరెండు మూరలు. ఒక్కొక్కరు ఆడునప్పుడు వెడల్పు పదునెనిమిది మూరలు. నడుమ వల కట్టుదురు. వల నడిమి యెత్తు రెండు మూరలు. తంతులల్లిన రాకెట్టుతో బంతిని ఆవలికి కొట్టవలెను. అది ఎదుటివాని గీతలలోపల పడవలెను. ఎదుటివాడు, ఒక్క ఎగురు కన్న ఎక్కువ ఎగురనీయక, మరల ఈవలికి కొట్టవలెను. ఇంతే. బాలురు ఒక్కపూటలో తెలిసికొనగలరు; బాగుగా ఆడుటకు జన్మము చాలదు.

పాతవారు మేలా, క్రొత్తవారు మేలా యను తగవు మనకు క్రొత్తది కాదు. కాళిదాసంతటివాడే మాళవికాగ్నిమిత్ర నాటకపు ప్రస్తావనలో, ప్రసిద్ధులైన భాసాదులుండగా ఈ క్రొత్తవాని నాటకమేల యను ప్రశ్నను ఎత్తుకొనవలసివచ్చెను. నెల్లూరివారము మనమైనను తిక్కన సోమయాజిని నన్నయభట్టుతో తూచి తూచి ఎన్ని రాత్రులు గడపలేదు! అయితే కవులను తూచుటకు గ్రంథములు మన యెదుట నున్నవి. ఆటగాండ్రను తూచుటకు ఆ సౌకర్యము లేదు. 1960లో ఆడినవాడును 2025లో ఆడినవాడును ఒకే నేలపై ఎదురెదురుగా నిలువలేదు గదా. కావున ముందుగా ఏది మారినదో తెలిసికొని, తరువాతనే మనుష్యులను గూర్చి మాటలాడవలెను.

అన్నిటికన్న మిన్నగా మారినది రాకెట్టు. లేవరు కాలమున అది కొయ్యది. పలుచని చెక్కలను పొరలుగా అంటించి వంచి చేసెడివారు. తంతులల్లిన భాగము సుమారు అఱువదియైదు మొదలు డెబ్బది చదరపు అంగుళములు. నేటిది తొంబదియైదు మొదలు నూఱు వఱకు నుండును. బొగ్గునారతో చేసినది, తేలికయైనది, వంగనిది. కొయ్య రాకెట్టులో బంతి తంతుల నట్టనడుమ తగిలినగాని సరిగా పోదు. అంచున తగిలెనా, రాకెట్టు చేతిలోనే తిరిగిపోవును. నేటి రాకెట్టు నడిమికి కొంచెము తప్పి తగిలినను క్షమించును.

తంతుల మాట అంతకన్న ముఖ్యము. మునుపు పశువుల ప్రేవులనుండి తీసిన తంతులే శ్రేష్ఠములు. అవి మెత్తగా సాగి బంతిని పంపును. 1990ల చివర పాలియెస్టరు తంతులు వచ్చినవి. 1997లో బ్రెజిలు దేశపు గుస్తావో కుయెర్టెన్ అట్టి తంతులతో ఫ్రెంచి పోటీ గెలిచిన తరువాత లోకమంతయు వానివెంట పడినది. ఈ తంతులు బంతి తగిలినప్పుడు ప్రక్కకు జరిగి వెంటనే తమ చోటికి వచ్చును. అందువలన బంతి బొంగరమువలె ముందునకు తిరుగుచు పోవును. అట్లు తిరుగు బంతి వలపై ఎత్తుగా పోయి, గీత దాటునేమో యనుకొనులోపలనే తలవంచి లోపల పడును. పడి గుఱ్ఱమువలె పైకి లేచును. కనుకనే నేటివారు వెనుకటి గీతకడ నిలిచి సత్తువంతయు పెట్టి కొట్టగలుగుచున్నారు. నాటివా డట్లు కొట్టిన బంతి వెలుపలి కంచెకు తగిలియుండును. కావున నాతడు నిదానముగా, లోతుగా కొట్టి, వలకడకు పరుగెత్తి, బంతి నేల తాకకమునుపే త్రుంచెడివాడు. దీనిని వాలీ యందురు. ఆ విద్య నేడు పలుచబడినది.

మన రేవులవారికి ఈ మాట నేను చెప్పి తెలుపనక్కఱలేదు. మా బాల్యమున మైపాడులోను ఇస్కపల్లెలోను దుంగలు కట్టిన తెప్పలు, గాలికి చాప, చేతికి తెడ్డు. వల నూలుది, దినదినము ఆరవేయకున్న కుళ్ళును. నేడు ఫైబరు పడవ, దానికి మోటారు, నైలాను వల. తెప్పవాడు గొప్పవాడా, మోటారువాడు గొప్పవాడా? తెప్పవానికి గాలిగుణము తెలియకున్న ఇల్లు చేరడు. మోటారువాడు తెప్పవాడు కలలోనైన చూడని దూరము పోయి, అచ్చట యంత్రము చెడినప్పుడు ఏమి చేయవలెనో తెలిసికొనవలెను. విద్య పోలేదు, చోటు మారినది.

సాధనపు బలమెంతయో తెలుపు కథ యొకటి కలదు. స్వీడను దేశస్థుడు బ్యోర్న్ బోర్గ్ కొయ్య రాకెట్టుతోనే వింబుల్డనును 1976 మొదలు 1980 వఱకు వరుసగా అయిదుసార్లు నెగ్గెను. ఇరువదియాఱేండ్లకే ఆట మానుకొనెను. 1991లో, ముప్పదినాలుగవ యేట, మాంటికార్లో పోటీకి మరల వచ్చెను. చేత నదే కొయ్య రాకెట్టు. అప్పటికి లోకములో నెవరును దానిని పట్టుటలేదు. జోర్డీ అరెసె యను స్పెయిను దేశస్థుడు వానిని రెండే సెట్లలో, 6-2, 6-3 తో, ఓడించి పంపెను. అరెసె బోర్గునకు సాటియని యెవ్వరు ననరు. అయినను ఆనాడు గెలుపు అరెసెదే.

ఇది విని, అట్లయిన రేవువారి మాటయే సత్యము, ఆడునది బ్యాటే యని తలంపకుడు. 1974 సంగతి వినుడు. కెన్ రోజ్‌వాల్ అను ఆస్ట్రేలియా దేశస్థుడు పొట్టివాడు. 1954లోనే వింబుల్డన్ తుదిపోటీ ఆడినవాడు, ఇరువది యేండ్ల తరువాత, ముప్పదితొమ్మిదవ యేట, మరల వింబుల్డనులోను అమెరికాలోను తుదిపోటీలకు వచ్చెను. రెంటను జిమ్మీ కానర్స్ అను ఇరువదిరెండేండ్లు నిండీ నిండని ప్రాయపువాడు ఉక్కు రాకెట్టు పట్టి వానిని చిత్తుచేసెను. అమెరికాలో 6-1, 6-0, 6-1. క్రొత్తవారి పక్షమువారు ఈ లెక్కనే చూపుదురు. కాని ఆ తుదిపోటీకి వచ్చుదారిలో రోజ్‌వాల్ మన విజయ్ అమృతరాజును ఓడించెను. అంతకు ముందటి యేడు సైతము ఓడించెను. అనగా లేవరును గెలిచిన పందొమ్మిదేండ్లవాడు, అదే పోటీలో, లేవరుకన్న పెద్దవాడగు రోజ్‌వాల్ చేత ఓడినాడన్నమాట. మా రచ్చబండ పెద్దకు ఈ రెండవ వార్త యెవరును చదివి వినిపింపలేదు కాబోలు.

ఇక నేల. 1974 వఱకు నాలుగు మహాపోటీలలో మూడు పచ్చికమీదనే జరిగెడివి. పచ్చికపై బంతి జారి తక్కువగా లేచును. నేడు పచ్చిక ఒక్క వింబుల్డనుకే మిగిలినది. అందును 2001లో గడ్డిజాతిని మార్చినందున నేల గట్టిపడి బంతి మునుపటికన్న ఎత్తుగా లేచుచున్నది. పేరు వింబుల్డనే, నేల వేఱు. మన దక్షిణదేశమున నయితే పేడతో అలికిన మట్టినేలలే ఉండెడివి. అట్టి నేలమీదనే హైదరాబాదులో తాను ఆట మొదలిడితినని సానియా మీర్జా చెప్పియున్నది. పేడ యలుకుట మనయింటి ఆడువారి పని యనుకొంటిమి గాని అది అంతర్జాతీయ విద్యకు పునాది యని యెవరికి తెలియును!

బిరుదుల లెక్కతో తేల్చుదమనువారు కలరు. నొవాక్ జొకోవిచ్‌కు ఇరువదినాలుగు మహాబిరుదులు, రఫేల్ నడాలునకు ఇరువదిరెండు, రోజర్ ఫెడరరునకు ఇరువది, లేవరునకు పదునొకండు. కావున లేవరు చిన్నవాడట. ఈ లెక్క పొరపాటు. 1968 వఱకు ధనము తీసికొని ఆడు వృత్తి యాటగాండ్రను మహాపోటీలకు రానిచ్చెడివారు కారు. లేవరు 1962లో నాలుగును గెలిచి వృత్తిలో చేరినందున అయిదేండ్లు వెలియయ్యెను. తిరిగి వచ్చి మరల నాలుగును గెలిచెను. ఆ యయిదేండ్లు ఎవరి లెక్కలో వేయుదము? బోర్గు తన జీవితములో ఆస్ట్రేలియా పోటీకి ఒక్కసారియే, 1974లో, పోయెను. ఆనాడు అంతదూరము పోవలెనని యెవరును పట్టుబట్టలేదు. అదే కారణమున మార్గరెట్ కోర్ట్ అను ఆస్ట్రేలియా వనిత యిరువదినాలుగు బిరుదులలో పదునొకండు స్వదేశమందే వచ్చెనని కొందఱు తగ్గించి చెప్పుదురు. ఒకరికి లెక్క తక్కువ చూపును, ఒకరికి ఎక్కువ చూపును. లెక్కలు చెప్పునవి చెప్పును, మనము వినవలసినవి మనము వినవలెను.

ధనము సంగతియు నట్లే. 1968లో వింబుల్డన్ గెలిచిన లేవరునకు దక్కినది రెండువేల పౌనులు. స్త్రీలలో గెలిచిన బిల్లీ జీన్ కింగ్‌నకు ఏడువందల యేబది మాత్రమే. 2007 నుండి అచ్చట స్త్రీపురుషులకు సమానముగా నిచ్చుచున్నారు. 2025లో గెలిచినవారికి ముప్పది లక్షల పౌనులు. ఈ ధనముతో నేటివారు శిక్షకుని, శరీరవైద్యుని, ఆహారము చూచువానిని వెంటబెట్టుకొని తిరుగుచున్నారు. నాటివారు సంచి తామే మోసికొనిరి.

సహనశక్తి విషయమున మాత్రము పెద్దలు కొంత దర్పము చూపుట న్యాయమే. 1969లో వింబుల్డనున పాంచో గొన్జాలెస్, నలువదియొక్క యేండ్లవాడు, తనకన్న పదునాఱేండ్లు చిన్నవాడగు చార్లీ పాసరెల్‌తో ఆడెను. అప్పటికి సెట్టును త్వరగా ముగించు టైబ్రేకు నియమము అచ్చటికి రాలేదు. మొదటి సెట్టే 22-24. రెండు దినములు, నూటపండ్రెండు గేములు. ప్రక్కలు మారునప్పుడు కూర్చుండుటకు కుర్చీలైనను లేవు. మొదటి రెండు సెట్లు ఓడిన ముసలివాడే తుదకు గెలిచెను. నేటివారు సుకుమారులని దీనినిబట్టి అనరాదు. 2025లో ఫ్రెంచి తుదిపోటీలో స్పెయిను యువకుడు కార్లోస్ అల్కరాజ్, ఇటలీ యువకుడు యానిక్ సిన్నర్ అయిదుగంటల ఇరువదితొమ్మిది నిమిషములు పోరాడిరి. రెండు సెట్లు వెనుకబడిన అల్కరాజే గెలిచెను. 2024, 2025 సంవత్సరములలోని ఎనిమిది మహాబిరుదులను వీరిద్దఱే సగము సగము పంచుకొనిరి.

తరముల తగవు నిజముగా ఒకే నేలమీద జరిగినది 2024 వేసవిలో. అల్కరాజునకు ఇరువదియొకటి, జొకోవిచ్‌కు ముప్పదియేడు. జూలైలో వింబుల్డన్ తుదిపోటీలో పిన్నవాడు మూడే సెట్లలో గెలిచెను. మూడువారముల తరువాత పారిసు ఒలింపిక్సులో ఎఱ్ఱమట్టి నేలమీద పెద్దవాడు రెండే సెట్లలో, రెంటను టైబ్రేకుతో, గెలిచి స్వర్ణపతకము పొందెను. ఒకే యిద్దఱు, ఒకే వేసవి. దీనిని విన్న పిమ్మట ఏ తరము మేలని తీర్పు చెప్పువాని ధైర్యమును నేను మెచ్చుకొందును.

నా మట్టుకు నేననుకొనునది యిది. కొయ్య రాకెట్టుతో లేవరును తెచ్చి నేటివారి యెదుట నిలిపిన ఓడును. నేటివాని చేత కొయ్య రాకెట్టు పెట్టిన నెలల తరబడి తడబడును. ఎవడు తన తోడివారిని ఎంతదూరము దాటెనో, తన చేతి సాధనమునుండి ఎంత పిండెనో అంతవఱకే మనము తూచగలము. ఆ తూకమున లేవరును జొకోవిచ్చును ఒకే పంక్తిలో కూర్చుందురు.

మన వైపు వత్తము. మదరాసు రామనాథన్ కృష్ణన్ 1960, 1961 సంవత్సరములలో వింబుల్డన్ సెమీఫైనలు దాక పోయెను. వారి కుమారుడు రమేశ్ కృష్ణన్ తండ్రివలెనే బలముకన్న నేర్పును నమ్మి, ఉక్కు, బొగ్గునార రాకెట్ల కాలమున ఆడి, అమెరికాలో రెండుసార్లు, వింబుల్డనున ఒకసారి క్వార్టరుఫైనలు చేరెను. తండ్రి అంత దూరము కుమారుడు పోలేదని యనుట సులభము. కుమారుని ఎదుట నిలిచినవారి చేతులలో నేమున్నదో చూచి యనవలెను.

తెలుగుదేశమున సానియా 2005లో హైదరాబాదునందు గెలిచి, వృత్తి యాటలో డబ్ల్యూ.టి.ఏ. సింగిల్సు బిరుదు పొందిన తొలి భారతీయ వనిత యయ్యెను. 2007లో లోకములో ఇరువదియేడవ స్థానము. మణికట్టు పాడయి, శస్త్రచికిత్స జరిగి, తుదకు సింగిల్సు విడువవలసివచ్చెను. అంతటితో ముగిసెనని అందఱు ననుకొనిరి. ఆమె డబుల్సులో 2015న ప్రథమస్థానమునకు వచ్చి, మొత్తము ఆఱు మహాబిరుదులతో 2023లో విరమించెను. కృష్ణాజిల్లా ఉయ్యూరున పుట్టిన మైనేని సాకేత్ 2014 ఆసియా క్రీడలలో ఆమెతో కలిసి మిశ్రమ డబుల్సు స్వర్ణము గెలిచెను. తరువాతి తరమున హైదరాబాదు బాలిక శ్రీవల్లి రష్మిక భమిడిపాటి 2025 ఏప్రిలులో పూణేలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్పు పోటీలలో భారతదేశము పక్షమున ఆడి సింగిల్సులన్నిటను గెలిచెను. ఈమె సానియా అంతటిది యగునా యని అప్పుడే పత్రికలలో మొదలుపెట్టిరి. ఆ పిల్లను కొంతకాలము ఊపిరి పీల్చుకొననిచ్చిన బాగుండును.

ఇప్పుడు నేను దాచియుంచిన సంగతి. 1990 ప్రాంతమున నేను పని చేయుచున్న బడిలో బాల్‌బ్యాడ్మింటను జట్టును ఎంచుపని నాదిగా నుండెను. ఈ పడవవాడు అప్పుడు పదుమూడేండ్ల పిల్లవాడు. ఎవరింటనో దూరదర్శనులో టెన్నిసు చూచి, ఎడమవైపు వచ్చు బంతిని రెండు చేతులతో బ్యాటు పట్టి కొట్టుచుండెను. మా యూర పూర్వము పేరుపొందిన ఆటగాడొకడుండెను. ఆయన ఒంటిచేతి దెబ్బ నా కన్నులలో నుండెను. "ఇది ఆటయా, రోకటిపోటా? ఆ పెద్దాయన కాలిధూళికైనను చాలవు" అని పదిమందిలో నని, వాని పేరు కొట్టివేసితిని. వాడు మఱునాటినుండి మైదానమునకు రాలేదు. కొంతకాలమునకు బడికిని రాలేదు. టెన్నిసులో బోర్గు, కానర్స్, క్రిస్ ఎవర్ట్ రెండు చేతులతో నట్లే కొట్టి అప్పటికి ఎంతో పూర్వమే గెలిచియుండిరి. నేను వార్తలు చదువుచుంటిని, చదివినదానిని నా మైదానమున గుర్తింపలేదు. నేడు లోకములోని మేటి యాటగాండ్రలో ఎక్కువమంది వెనుకచేతి దెబ్బను రెండు చేతులతోనే కొట్టుచున్నారు.

ఈ సంగతి వానికి జ్ఞప్తి యున్నదో లేదో నేనడుగలేదు. మఱుసటి వారము మరల మైపాడు పోయి, పైన చెప్పినదంతయు వానికి చెప్పితిని. పెద్దలు చెప్పినది సగమే నిజమని చెప్పితిని. ఇంకొకటియు చెప్పితిని: ఈ యాటలో ధనమంతయు పైమెట్టున నుండును, క్రింది మెట్లవారికి ప్రయాణపుఖర్చే భారము, పాలియెస్టరు తంతులు త్వరగా బిగువు కోల్పోవును, మోచేతికి బాధ తెచ్చును, కావున పిల్లకు ఇప్పుడే అవి కట్టింపవలదు, మెత్తని తంతులు కట్టింపుమని. వాడు సరే యనెను. తంతుల వెల ఎంతయో అడిగెను.

ఆ శనివారము నేనును నెల్లూరు పోయి ఆ పిల్ల ఆట చూచితిని. పదునొకండేండ్లున్నవి. వెనుకచేతి దెబ్బ రెండు చేతులతోనే కొట్టుచున్నది. తండ్రి కంచె ప్రక్కన నిలుచుండి నావైపు చూచెను. నేను బంతివైపు చూచుచుంటిని.